వేగిస గ్లాసు పట్టుకుని ఆరు రోజులు

మా అమ్మకి షుగర్ ఉంది. సంక్రాంతికి ముందు ఎవరో చెప్పారని ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళి చెక్క గ్లాసు కొనుక్కొచ్చింది. రాత్రి అందులో నీళ్ళు పోసి ఉంచి పొద్దున్నే పరగడుపున తాగాలట. అసలు సిసలు ఎర్రచందనం అని చెప్పి అమ్మారు, రేటు కూడా అలాగే తీసుకున్నారు. మర్నాడు చూస్తే నీళ్ళు ఎర్రగా కాదు, తేనె రంగులో ఉన్నాయి. "మీ తాత ఉంటే ఒక్కసారి చేత్తో పట్టుకుని చెప్పేసేవాడు ఏం కర్రో" అంది అమ్మ. మా తాత వడ్రంగి, కంభం దగ్గర పల్లె. నాకు ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే తాత ముప్పై రకాల కర్రని వాసన పట్టి చెప్పేవాడు, నేను ఎర్రచందనం గురించి వందసార్లు పేపర్లో చదివాను గానీ చెట్టు నిలబడి ఉండగా ఒక్కసారీ దగ్గర్నుంచి చూడలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో ఆరు రోజులు సెలవు పెట్టి, ఆ గ్లాసుని తువ్వాలులో చుట్టి బ్యాగులో పెట్టుకుని తిరుపతి రైలెక్కాను.

మొదటి రోజు: తిరుపతి, మాధవమాల

చిన్నాన్న కొడుకు తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాడు, కారు వాడిది, దారి తెలిసినవాడూ వాడే. స్టేషన్ నుంచి టిఫిన్ తినేసి తిన్నగా ఏర్పేడు మీదుగా మాధవమాల వెళ్ళాం. దేవుడి బొమ్మలు, వాహనాలు, ద్వారాలు చెక్కే ఊరు అది. వీధిలోకి అడుగు పెట్టగానే ఉలి చప్పుడు, పొట్టు వాసన. నాకు తాత పంచ గుర్తొచ్చింది.

ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని గరుత్మంతుడి రెక్క చెక్కుతున్నాడు. గ్లాసు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, గోటితో అడుగున గీసి చూశాడు.

"ఎవురమ్మా నీకు చందనం అని చెప్పింది? ఇది వేగిస చెట్టు కర్ర."

అంత తేలిగ్గా ఎలా చెప్పారని అడిగితే ఆయన లోపలికి వెళ్ళి చిన్న పీట ముక్క ఒకటి తెచ్చాడు, విరిగిపోయిన పాత బొమ్మది, వాళ్ళ నాన్న కాలంలో చెక్కింది. అది ఎర్రచందనం. చేతిలో పెట్టగానే రాయిలా బరువు. మామూలు ఎరుపు కాదది, ముదిరి నలుపులోకి దిగిన ఎరుపు. వేగిసని నీళ్ళలో వేస్తే తేలుతుంది, దీని చేవ మునుగుతుంది అన్నాడు, అని ఊరుకోకుండా చెంబులో వేసి చూపించాడు. బుడుంగుమని అడుక్కి పోయింది.

తర్వాత చూపించింది ఇంకా బాగుంది. రెండు గాజు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో నీళ్ళు, ఇంకొకదాంట్లో పాలిష్‌కి వాడే స్పిరిట్ పోసి, చందనం ముక్క మీద నుంచి ఉలితో తీసిన పొట్టు రెండిట్లోనూ వేశాడు. నీళ్ళు దాదాపు అలాగే ఉన్నాయి. స్పిరిట్ మాత్రం నిమిషంలో నెత్తురు రంగుకి తిరిగింది. ఎర్రచందనంలో ఉండే రంగుని శాంటాలిన్ అంటారని, అది చన్నీళ్ళలో కరగదని, ఆల్కహాల్లో కరుగుతుందని తర్వాత చదివి తెలుసుకున్నాను, ఆయన మాత్రం ఆ పేరేదీ ఎత్తకుండానే నాకు అర్థమయ్యేలా చెప్పేశాడు. అమ్మ గ్లాసుని అడుగున కాస్త గీకి ఆ పొట్టుని ఇంకో గాజు గ్లాసు నీళ్ళలో వేసి ఎండలో పెట్టమన్నాడు. కాసేపటికి నీళ్ళు పసుపు తిరిగాయి. గ్లాసుని ఎండకి పక్కగా పట్టుకుని చూస్తే అంచు వెంబడి నీలం జీర కనిపించింది. పసుపు నీళ్ళలో నీలం! వెలుగు పడితే అలా మెరవడం వేగిస నీళ్ళ గుణం. దొంగ గ్లాసులని పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

"మరి వీటికీ వాటికీ చుట్టరికమేనా?" అని తమ్ముడు అడిగాడు.

"కాయ చూడు నాయనా, నీకే తెలుస్తుంది" అన్నాడు ఆయన.

రెండూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతి చెట్లు. ఆ మాటకి అర్థం రెక్కల కాయ. ఎర్రచందనానికి శాంటాలినస్ అని స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కొడుకు పేరు పెట్టాడు, వేగిసకి మార్సూపియం అని పెట్టింది విలియం రాక్స్‌బరో, మన సామర్లకోటలో చాలా ఏళ్ళు ఉండి మొక్కల మీద పనిచేసిన ఆయనే. మార్సూపియం అంటే సంచి.

మందు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, అమ్మ కోసమే కదా బయల్దేరింది. వేగిస చెక్క సారాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళు షుగర్ ఉన్నవాళ్ళకి ఇచ్చి చూసి 1998లో ఫలితాలు ప్రచురించారు, చాలామందిలో చక్కెర తగ్గిందనే రాశారు. కానీ అది కొలిచి, డాక్టర్లు దగ్గరుండి ఇచ్చిన సారం. గ్లాసులో రాత్రంతా నానిన నీళ్ళలో ఎంత దిగుతుందో ఎవరు కొలిచారు? అమ్మకి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను, నీళ్ళు తాగితే తాగు, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు అని.

రెండో రోజు: మామండూరు

పొద్దున ఆరింటికే తిరుపతి నుంచి కడప రోడ్డులో బయల్దేరాం. మామండూరు ఇరవై కిలోమీటర్లే. అక్కడ బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి బంగళా ఉంది, అటవీశాఖ సందర్శకులని అనుమతించే చోటు అది. ఎర్రచందనం అడవిలోకి మన ఇష్టానికి వెళ్ళడానికి లేదు, వెళ్ళకూడదు కూడా, మనం సరదాగా తిరిగే బాటని కాపలా వాళ్ళు దొంగల బాట అనుకునే ప్రమాదం నిజంగా ఉంది. టికెట్ తీసుకుని, అక్కడి వాచర్ ఒకతన్ని వెంటబెట్టుకుని నడిచాం.

చెట్టుని నేనే ముందు గుర్తుపట్టాను. బెరడు చూసి. నల్లగా, పలకలు పలకలుగా, నిలువుగా అడ్డంగా చీలి, అచ్చం మొసలి వీపు. చెట్టు నేను ఊహించినంత పెద్దది కాదు. ఇంత గొడవ, ఇన్ని చెక్‌పోస్టులు, ఇన్ని వార్తలు ఈ చెట్టు కోసమేనా అనిపించేంత మామూలుగా, మూడంతస్తుల ఇంటి ఎత్తున, సన్నగా నిలబడి ఉంది. ఆకులు సగానికి పైగా రాలిపోయాయి. మిగిలినవాటిని చూస్తే మారేడు పత్రిలాగా కాడకి మూడేసి ఆకులు, గుండ్రంగా, వెడల్పుగా. ఒకటి రెండు కాడలకి అయిదు కూడా ఉన్నాయి. కొమ్మల నిండా ఎండిన కాయలు, గుండ్రటి బిళ్ళలా, మధ్యలో గింజ ఉన్నచోట ఉబ్బి, చుట్టూ పల్చటి రెక్క. గాలికి గలగలమంటున్నాయి. వేసవిలో పూసిన పసుపు పూలు కాయలై పండటానికి దాదాపు ఏడాది పడుతుందట. కింద పడ్డ కాయని ముట్టుకుని చూసి, ఉన్నచోటే వదిలేశాను.

నేలంతా రాళ్ళు. మట్టి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ పలక రాళ్ళ సందుల్లో వేళ్ళు దించుకుని బతుకుతోంది ఈ చెట్టు. "మంచి నేలలో వేస్తే బాగానే పెరుగుతాది సార్, కానీ చేవ ఇట్లా రాదు, ఈ రాళ్ళలో పెరిగినోడికే చేవ" అన్నాడు వాచర్ మా తమ్ముడితో. ప్రపంచం మొత్తంలో ఇది అడవిచెట్టుగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే, ముఖ్యంగా శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమలలో కొంత. మ్యాప్ మీద అరచేయి పెడితే మూసుకుపోయేంత చోటు. దానిమీద చైనా ఫర్నిచర్ వాళ్ళ కన్ను, జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీ వాద్యం చేసేవాళ్ళ కన్ను. వంపులు తిరిగిన చేవకైతే ఇంకా గిరాకీ. అందుకే 1995 నుంచి, అడవి మొక్కలూ జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో జాబితాలో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు మధ్యలో ఒకసారి ప్రమాదం కాస్త తగ్గిందన్నట్టు వర్గం మార్చి, 2021లో మళ్ళీ అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలోనే పెట్టారు.

వాచర్‌కి ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. పేరు రాయను. రాత్రి కాపలా గురించి అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, గొడ్డలి చప్పుడు వినిపించదట ఈమధ్య, రంపం వాడతారట, చెవి నేలకి ఆనించి పడుకున్నా తెలీదట. "ఇంట్లో పిల్లలు నిద్రపోయినాక వస్తా, లేవకముందే ఇంటికి పోతే బాగుండు అనుకుంటా" అన్నాడు. 2013 డిసెంబర్‌లో ఈ శేషాచలం అడవిలోనే ఇద్దరు అటవీ అధికారులని చంపేశారు. 2015 ఏప్రిల్ 7న ఇదే అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు 20 మంది చనిపోయారు. కూలి కోసం కొండ దిగి వచ్చినవాళ్ళూ, జీతం కోసం కొండ ఎక్కినవాళ్ళూ ఇక్కడ పోతున్నారు, దుంగలు ఎక్కించి పంపించేవాడు ఎక్కడో చల్లగా కూర్చుని ఉన్నాడు. ఆ మాట అనుకుంటుంటే నాకు కోపంతో గొంతు పట్టేసింది, ఆ చెట్టు నీడలో నిలబడి ఇంకేం మాట్లాడలేకపోయాను.

వచ్చేముందు వేగిస ఉందా ఇక్కడ అని అడిగాను. కింద లేదు, పైన తేమ ఉన్న లోయల్లో ఉంటుంది, తలకోన పొండి అన్నాడు. దానికి కాపలా ఉంటుందా అంటే, అడవి మొత్తానికి కాపలానే కదమ్మా అన్నాడు, ఒక్క క్షణం ఆగి, "దాన్ని ఎవురూ లెక్కపెట్టరులే" అన్నాడు.

మూడో రోజు: తలకోన

భాకరాపేట ఘాట్ దాటి తలకోన చేరేసరికి తొమ్మిదయింది. గేటు దగ్గర టికెట్. లోపల వేరే లోకం. నిన్న రాళ్ళ మీద మాడిపోయిన గడ్డి చూసి వచ్చామా, ఇక్కడ చలువ, తడి ఆకుల వాసన, చెట్ల మీద నుంచి చెట్ల మీదికి కొండచిలువల్లా పాకిన గిల్లతీగలు. సిద్ధేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని జలపాతం వైపు నడిచాం. 270 అడుగుల ఎత్తు నుంచి పడాల్సిన నీళ్ళు ఫిబ్రవరి కాబట్టి సన్నగా, గాలికి ఊగుతూ పడుతున్నాయి.

వేగిసని వెతకడానికి గంటన్నర పట్టింది. బెరడు చూసి పట్టుకోవడం కష్టం, బూడిద రంగులో గరుగ్గా నిలువు చీలికలతో ఇంకో పది చెట్లలాగే ఉంటుంది. మొసలి వీపులాంటి ముద్ర ఏదీ లేదు. చివరికి కింద పడిన కాయ చూపించింది. అదే బిళ్ళ, అదే రెక్క! నిన్నటి కాయని పక్కన పెడితే అక్కచెల్లెళ్ళని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేస్తాం. తల ఎత్తితే చెట్టు కొస కనిపించలేదు. ఇది నిటారుగా, లావుగా, నిన్న చూసిన చందనానికి రెండింతల ఎత్తు ఉంది, మంచి అడవిలో వంద అడుగుల దాకా పోతుంది వేగిస. ఆకు కాడకి అయిదు నుంచి ఏడు, కోలగా, మందంగా, ప్రతి ఆకు కొసనా ఎవరో గోటితో నొక్కినట్టు చిన్న నొక్కు. ఇంత పెద్ద చెట్టుని ఆ నొక్కుతోనే గుర్తుపెట్టుకున్నాను.

బోదె మీద ఛాతీ ఎత్తున పాత గాటు ఉంది. దాని కింద ముదురు ఎరుపు జిగురు కారి ఎండి గాజుపెంకుల్లా మెరుస్తోంది. గాటు పడితే చందనం కూడా ఎర్రగానే కారుతుంది, కానీ వేగిస జిగురు ధారగా వస్తుంది, దాన్ని పూర్వం కైనో అనే పేరుతో మందుల వాళ్ళు దేశాలు దాటించేవాళ్ళు. ఈ ఎర్ర జిగురు చూపించే కొంతమంది వేగిసని రక్తచందనం అని అమ్మేస్తారని మాధవమాల పెద్దాయన చెప్పింది ఇదే.

ఎవరు పెట్టారో ఆ గాటు, ఎందుకు పెట్టారో. చెట్టు బతికే ఉంది.

నాలుగో రోజు: గువ్వలచెరువు, సిద్ధవటం

ఎక్కువ భాగం కారులోనే గడిచింది. పీలేరు, రాయచోటి దాటి గువ్వలచెరువులో ఆగి పాలకోవా తిన్నాం, అమ్మకి తీసుకెళ్ళలేం కాబట్టి ఇద్దరమే తినేశాం. ఘాట్‌లో పాలకొండల వాలు మీద మళ్ళీ మొసలి బెరడు చెట్లు, కారులోంచే లెక్కపెడుతూ కూర్చున్నాను. చందనం ఉన్నచోట వేగిస కనిపించలేదు, నేల మారగానే చెట్టు మారిపోతుంది, ఇంత స్పష్టంగా ఉంటుందని అనుకోలేదు.

సాయంత్రం సిద్ధవటం కోట గోడ మీద నుంచి లంకమల కొండలు చూశాం. పోయిందనుకున్న కలివి కోడి 1986లో మళ్ళీ కనిపించింది ఆ కొండల పక్కన పొదల్లోనే. ఇంకెక్కడా లేని చెట్టు, ఇంకెక్కడా లేని పిట్ట, రెండూ కడప జిల్లా వాళ్ళ గడపలోనే.

అయిదో రోజు: అహోబిలం

మైదుకూరు, ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం. పార్వేట ఉత్సవం నడుస్తోంది, అంటే కనుమనాడు బయల్దేరిన స్వామి ఇంకా పల్లెలు తిరుగుతూ తన పెళ్ళికి అందర్నీ పిలుస్తున్నాడు. ఎగువ అహోబిలంలో దర్శనం చేసుకుని భవనాశి పక్కనుంచి జ్వాలా నరసింహస్వామి దారిలో ఎక్కాం. నల్లమల ఇది. చెంచులకి ఈ స్వామి అల్లుడు, చెంచులక్ష్మి మొగుడు.

కర్రలు అమ్ముకుంటూ ఒక చెంచు పెద్దామె దారి పక్కన కూర్చుని ఉంది, మెట్లెక్కేవాళ్ళకి ఊతకర్రలు. ఫోన్‌లో తలకోనలో తీసిన వేగిస ఆకు ఫోటో చూపించి "ఈ చెట్టు తెలుసా అవ్వా?" అన్నాను.

"పెద్దేగి. తెలీకేం బిడ్డా."

ఎక్కడుందో చూపిస్తావా అంటే చెయ్యి ఎత్తి లోయ అవతల చూపించింది. "ఆడ ఉండె. మా ఆయన ఉన్నప్పుడు ఆ వాగు పొడుగునా ఉండె. కాళ్ళు నొచ్చినా, బేదులైనా దాని జిగురే ఏసేది. ఇప్పుడు పైకి పోవాల."

ఏమైపోయాయని అడిగాను. ఆమె చెప్పినవి ఒక్కొక్కటీ చిన్న చిన్న సంగతులే. మందలు తోలుకొచ్చేవాళ్ళు ఎండాకాలం పచ్చగా కనిపించే కొమ్మలన్నీ మేతకి నరుకుతారు, ఏటేటా నరికితే కాయ కాయదు. కింద మొలిచిన మొక్కని గొడ్లు తింటాయి, మిగిలింది నిప్పుకి పోతుంది. జిగురుకీ బెరడుకీ చుట్టూరా చెక్కేస్తే నిలబడే ఎండుతుంది. పెద్దది కనిపిస్తే గుమ్మాలకి పోతుంది. ఇప్పుడు గ్లాసులకి కూడా. బ్యాగులో ఉన్న అమ్మ గ్లాసు బయటికి తీసి ఆమెకి చూపించడానికి నాకు చెయ్యి రాలేదు.

రాత్రి సత్రంలో కూర్చుని తమ్ముడితో చాలాసేపు మాట్లాడాను. చందనం సంగతి అందరికీ తెలుసు. టాస్క్‌ఫోర్స్ ఉంది, కోర్టులున్నాయి, పేపర్లో రోజూ వార్త ఉంది, నాటి పెంచే రైతులున్నారు, 2004 నుంచి సైటిస్ మన దేశం మీద పెట్టిన ప్రత్యేక పరిశీలనని 2023 నవంబర్‌లో ఎత్తేశాక ఆ రైతులకి దారి కాస్త తెరుచుకుంది. వేగిస మన దేశంలో చాలా రాష్ట్రాల్లో, నేపాల్లో, శ్రీలంకలో ఉంది కాబట్టి ఎక్కడో ఒకచోట ఉంటుందిలే అనుకుంటాం. ఐయూసీఎన్ దాన్ని ప్రమాదానికి దగ్గర్లో ఉన్నవాటిలో పెట్టింది, సైటిస్ జాబితాలో మన వేగిస లేదు. ఒక వాగు నుంచి, ఇంకో వాగు నుంచి పోతూ ఉంటే ఏ పేపర్లో వస్తుంది? దుంగల లారీ పట్టుబడితే ఫోటో వస్తుంది, మేతకి నరికిన కొమ్మకి ఫోటో ఉండదు. చందనానికి ఉన్న కాపలా తగ్గాలని నేను అనను, ఇంకా పెరగాలి, ఆ వాచర్లకి జీతాలూ పెరగాలి. కానీ వేగిసని గ్లాసులుగా అమ్మేవాళ్ళని ఈ చెక్క ఎక్కడ్నుంచి వచ్చిందని కనీసం అడగాలి, మా అమ్మతో మొదలుపెట్టి కొనేవాళ్ళందరూ అడగాలి.

ఆరో రోజు: గిద్దలూరు ఘాట్, తాత ఇల్లు

నంద్యాల నుంచి గిద్దలూరు రోడ్డు నల్లమలని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఎండుటాకుల్లో పచ్చగా నిలబడ్డ వేగిసలు రెండు కనిపించాయి, మలుపు మలుపుకీ కారు ఆపమని తమ్ముణ్ణి విసిగించి పట్టుకున్నవి. ఒకదానికి కొమ్మలు లేవు, మొండెం మీద కొత్త చిగుళ్ళు గుత్తిగా వచ్చాయి.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. ఇల్లు పాతబడిపోయింది, వెనక గోడ సగం కూలింది, పెద్దనాన్న వాళ్ళు పక్కన కొత్తది కట్టుకున్నారు. సింహద్వారం మాత్రం అలాగే ఉంది. తాత తన చేత్తో చేసిన గుమ్మం, పైన గజలక్ష్మి, ఇరుపక్కలా చిలకలు. చిన్నప్పుడు దాని మీద కూర్చుని తిట్లు తిన్నాను. పెద్దమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, "అది కంభం అడివి నుంచి ఎడ్లబండి మీద తెచ్చిన కర్ర, మీ తాత మూడేళ్ళు ఆరబెట్టినాడు, చెద ముట్టలే" అంది. ఏం కర్ర పెద్దమ్మా అంటే ఆమెకి గుర్తులేదు. టేకు అయ్యుంటుందిలే అన్నాడు పెద్దనాన్న.

కూలిన గోడ వైపు, రంగు వెయ్యని చోట, చాకుతో కొంచెం గీకాను. పెద్దమ్మ స్టీలు గ్లాసు ఇవ్వబోతే వద్దని గాజుది అడిగి, నీళ్ళు పోసి, పొట్టు వేసి, వాకిట్లో ఎండలో పెట్టాను. పెద్దనాన్న, తమ్ముడు, పక్కింటి పిల్లలు ఇద్దరు చుట్టూ కూర్చున్నారు. పావుగంటకి ఏమీ లేదు. అరగంటకి నీళ్ళు కొద్దిగా పసుపు తిరిగాయి. పిల్లల్లో చిన్నది గ్లాసు మీదికి వంగి చూసి, "అత్తా, ఈ పక్క నీలంగా ఉంది" అంది.